ఒక ముక్క తక్కువ

పాస్టరు గారు “తీసుకుందాం” అనగానే హాలంతా ఒక్కసారిగా చిటపటమంటుంది. రెండు మూడు వందల మంది ఒకేసారి వెండిరంగు కాగితం చింపుతున్న చప్పుడది. చేతిలో బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నె. పై పొర లాగితే నాణెమంత తెల్లటి బిళ్ళ, కింది పొర లాగితే గుక్కెడు కూడా లేని ద్రాక్షరసం. ఒకరి చేయి ఒకరికి తగలకూడదని కరోనా రోజుల్లో మొదలుపెట్టారు. కరోనా పోయింది, ఇది పోలేదు. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల అని మేము పిలుచుకునే విందు ఇప్పుడు అట్టపెట్టెల్లో వస్తోంది. పెట్టె మీద గడువు తేదీ కూడా ఉంటుంది.

పోయిన నెల ఆ చిటపటల మధ్య నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. చౌటుప్పల్‌లో హైవే పక్కనున్న మా చర్చి ఒకప్పుడు ఫంక్షన్ హాలు. పెళ్లికొడుకు కుర్చీ వేసిన వేదిక మీద ఇప్పుడు డ్రమ్ములు, కీబోర్డు, రెండు నిలువెత్తు స్పీకర్లు ఉన్నాయి. పాటల జట్టును నడిపేది ప్రవీణ. ముప్పై అయిదేళ్లుంటాయి. మందుల కంపెనీ ల్యాబులో షిఫ్టుల్లో పనిచేస్తుంది. అంతకు ముందు వారం ఆమె ఒకే పాటను నలభై నిమిషాలు పాడించింది. డ్రమ్ముల దెబ్బకు నా ఛాతీలో ఏదో కదిలింది కానీ అది భక్తి కాదని నాకు తెలుసు. ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా, సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాను: “ఇది ఆరాధనా, బరాత్ బ్యాండా?” పన్నెండు మంది నవ్వు మొహాలు పెట్టారు. సాయంత్రానికి ప్రవీణ గ్రూపులోంచి వెళ్లిపోయింది. బల్ల ఆదివారం నాడు వేదిక మీద నిలబడి మా వరుస వైపు తప్ప అన్ని వైపులా చూసింది.

ముప్పై ఏళ్లు దినపత్రికలో పనిచేసినవాణ్ని. నేను రాసిన దాంట్లో తప్పేమీ లేదని ఎవరితోనైనా వాదించగలను. చివర ప్రశ్న గుర్తు పెట్టాను, ఎవరి పేరూ రాయలేదు. అయినా పొర లాగబోతే వేలు ఆగింది. ఆపింది సారమ్మ. ఆమె పోయి అయిదేళ్లు దాటింది. బతికి ఉన్నన్నాళ్లూ నా ప్రాణం తోడేసింది చాలదా, ఇంకా ఏమిటి అనుకున్నాను.

సారమ్మను ఎరగని వాళ్లకు ఆమె గురించి చెప్పడం కష్టం. మంచిది అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. ఆమె ఎదురొస్తుంటే, చౌటుప్పల్ రాకముందు నేనున్న మోత్కూర్‌లో, మా వాడ జనం పక్క సందులోకి తిరిగేవాళ్లు, నాతో సహా. ప్రభుత్వ దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. చదువు రాదు. మా అమ్మకు ఏమీ కాదు కానీ వాడ మొత్తానికీ పెద్దమ్మే కాబట్టి నాకూ పెద్దమ్మే. రేకుల కప్పు వేసిన మా పాత చర్చి తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. బల్లకు కావలసినవన్నీ ఆమె చేతి మీదే తయారయ్యేవి. గోధుమలు తెచ్చి, ఏరి, గిర్నీలో పట్టించి, ఉప్పు లేకుండా మందపాటి రొట్టె కాల్చేది. ద్రాక్షపండ్లు ఉడకబెట్టి, గుడ్డలో పోసి పిండేది. బల్లకు ముందు శనివారం ఆమె ఇంటి ముందు నుంచి వెళ్తే కాలిన పిండి వాసన, ఉడికే ద్రాక్ష వాసన కలిసి వచ్చేవి. ఇంతవరకు బాగానే ఉంది.

బాగాలేనిది ఆ తర్వాత. రొట్టె కాల్చాక ఆమె దాన్ని వెంటనే ముక్కలు చేసేది కాదు. గుడ్డలో చుట్టి పెట్టి, చేతిసంచి చంకన పెట్టుకుని, సంఘంలో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లేది. రేపు బల్ల అని కబురు చెప్పడానికని పేరు. నిజానికి వెళ్లేది ఎవరితో ఎవరు మాట్లాడటం లేదో తెలుసుకోవడానికి. అర్పణ తెచ్చినవాడు దాన్ని అక్కడే వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడి రావాలన్న వాక్యం ఆమె ఎప్పుడో చెవినబెట్టింది. విన్నవాళ్లందరం విని ఊరుకున్నాం. ఆమె దాన్ని పనిలో పెట్టింది. చీకటి పడే వేళకు ఇంటికి తిరిగి వచ్చి, సమాధానపడినవాళ్లు ఎందరో అన్నే ముక్కలు కోసేది. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. దవాఖానలో వార్డులో ఎందరు రోగులుంటే అన్నే బన్నులు పంచిన అలవాటు అది.

ఒకసారి మార్తమ్మ, సువర్ణ అనే తోటికోడళ్లు మోరీలో పారే మురుగునీళ్ల దగ్గర గొడవపడ్డారు. గోడకు అటు ఒకరు, ఇటు ఒకరు కాపురం. సారమ్మ మార్తమ్మ గడపలో కూర్చుంది. పక్కింట్లో మా చిన్నమ్మతో మాట్లాడుతున్న నాకు అంతా వినబడుతోంది.

“మోరీ కాడ ఇంకా మాట్లాడుకుంటలేరట గద.”

“గామెనే రానియ్యి పెద్దమ్మా. పెద్దదాన్ని, నేనెందుకు పోవాలె?”

“పోకు. రెండు ముక్కలు తక్కువ కోస్త. రొట్టె మిగుల్తది, పొద్దుగాల చాయల ముంచుకోని తింట.”

గోడ అవతల నుంచి సువర్ణ గొంతు వచ్చింది. “నా ముక్క గూడ చాయల ముంచుకుంటవా పెద్దమ్మా?”

“నీది గూడ. ఇద్దరిదీ ఒక్క తీరే ఉంటది రుచి.”

కాసేపటికి గోడకు అటూ ఇటూ నవ్వులు వినబడ్డాయి. చిన్నమ్మ, నేను కూడా నవ్వాము. మన వంతు రానంతవరకు ఎవరికైనా నవ్వొస్తుంది.

పాలమూరు నుంచి వచ్చిన మా అయ్యగారికి, అంటే పాస్టరు గారికి, ఇది అస్సలు నచ్చేది కాదు. నెమ్మదైన మనిషి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా ఎదుటే ఆమెను పిలిచి చెప్పాడు. “సారమ్మా, బల్లకు యోగ్యులో కాదో ఎవరికి వాళ్లు పరీక్షించుకోవాలె. నువ్వు పరీక్ష పెట్టుడు ఏంది?”

“నేనేడ పెడుతున్న అయ్యగారు? వాళ్లు చెప్పుతుండ్రు, నేను ఇంటున్న. రొట్టె కోసుడే నా పని.”

“అందరికీ సరిపోను కోయరాదు మరి?”

“సరిపోనే కోస్తున్న.”

అయ్యగారు నా వైపు చూశాడు. నేను చేతిలోని నోటు పుస్తకం వైపు చూశాను. ఆయన మాటే సరైనదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. ఒకరి మనసు తూచే హక్కు ఇంకొకరికి ఎవరిచ్చారు? సిద్ధాంతం ఆయన వైపు ఉంది. కత్తి మాత్రం ఆమె చేతిలో ఉంది.

నేను అప్పటికి మోత్కూర్ మండలానికి విలేకరిని. జాతర అయినా, రంజాన్ అయినా, క్రిస్మస్ అయినా మా వార్త ఒకే అచ్చులో పోసినట్టుండేది. తేదీ, ఊరు మారేవి, మధ్యలో “భక్తిశ్రద్ధలతో” అనే మాట మాత్రం మారేది కాదు. ఒక క్రిస్మస్ మర్నాడు సారమ్మ పేపరు మడిచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎవరితోనో చదివించుకుంది.

“భక్తిశ్రద్ధలతో అని రాసినవట. ఎవరి మొకంల చూసినవ్ కొడకా?”

“అట్లనే రాస్తరు పెద్దమ్మా. పద్ధతి.”

“కేకు కాడ సగం మంది కొట్లాడిరి. నువ్వు ఫోటోకు నిలబడుమని నన్ను రెండుసార్లు జరిపినవ్. నేను ప్రార్థన మధ్యల ఉన్న. గది రాయకపోయినవ్?”

మా ఇంటావిడ లోపల వంటింట్లో నవ్వుతోంది. ఆ తర్వాత ఎన్నో వార్తల్లో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కలం ఆగి, కాసేపు తిట్టుకుని, వేరే మాట వెతికేవాణ్ని. పత్రికలో నాకు రాయడం నేర్పిన వాళ్లు చాలామంది ఉన్నారు. రాసిన మాట నిజమా అని అడిగింది మాత్రం చదువురాని ఈ మనిషే. అందుకు కృతజ్ఞత ఉంది, కాదనను. కానీ అది కలిగేది ఆమె ఎదురుగా లేనప్పుడు మాత్రమే.

కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వచ్చిన ఒక ఎండాకాలంలో నా వంతు వచ్చింది. బజారులో ఒక కిరాణా దుకాణం గోదాములో రంగు కలిపిన కారంపొడి బస్తాలు దొరికాయి. అధికారులు వచ్చారు, సీలు వేశారు. నేను ఫోటో తీసి, వార్త రాసి పంపాను. గోదాముకు పక్కనే ఖాజా భాయ్ గిర్నీ. యాభై దాటిన మనిషి, తండ్రి కాలం నుంచి అదే గిర్నీ. నా ఫోటోలో ఒక పక్క అధికారులు, ఇంకో పక్క బస్తాలు, వాటి వెనక గిర్నీ బోర్డు ఉన్నాయి. పత్రికాఫీసులో పేజీలు కట్టే డెస్కు వాళ్లు జాగా చాలక అధికారుల్ని కత్తిరించారు. తెల్లారి పేపర్లో మిగిలింది బస్తాలు, వాటి వెనక ఖాజా భాయ్ బోర్డు. పైన “కల్తీ కారం గుట్టు రట్టు” అని శీర్షిక.

ఊళ్లో ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులవి. మామూలుగా ఆ గిర్నీ ముందు మిరపకాయల సంచులు వరుసగా ఉంటాయి, దారిన పోయేవాళ్లు తుమ్ముకుంటూ పోతారు. ఆ వారం అటువైపు వెళ్తే తుమ్ము రాలేదు. నాకు అర్థమైంది. అర్థమైనా ఏమీ చేయలేదు. డెస్కుకు ఫోన్ చేయాలనుకుని చేయలేదు. వార్తలో ఎక్కడా అతని పేరు లేదు, గిర్నీ పేరు లేదు, నేను రాసిన ప్రతి అక్షరం నిజం. మళ్లీ మళ్లీ ఇదే చెప్పుకున్నాను. అటువైపు వెళ్లడం మాత్రం మానేశాను.

శనివారం సారమ్మ వచ్చింది. గడపలో కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

“ఖాజా కాడికి పోయినవా?”

“ఎందుకు పోవాలె పెద్దమ్మా? నేను ఆయన పేరు రాయలే.”

“బొమ్మ వేసినవు గద.”

“నేను వేయలే. డెస్కుల కోసిండ్రు.”

“కోసినోల్లు ఆయనకు ఎరుకనా? ఆయనకు ఎరుకైంది నువ్వే.”

నాకు విసుగొచ్చింది. “ఆయన మన సంఘపాయన కాదు, మన మతమే కాదు. రేపటి బల్లకు, దీనికి ఏం సంబంధం?”

“వాక్యంల సహోదరుడు అనున్నది. ఏ సంఘపోడని అడగలే.” ఆమె సంచి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. “రేపు నీ నోట్లె పెట్టుకునే రొట్టె ఏ గిర్నీ పిండిదో ఎరుకేనా? పొద్దుగాల మిషన్ తుడిచి, అందరికంటె ముందు మన గోధుమలే పడతడు. ఇరవై ఏండ్ల సంది.”

“మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి” అన్నాను. కోపం వస్తే నేను మీరు అంటాను. మా ఇంటావిడ నా వైపు అదోలా చూసి, సారమ్మకు మంచినీళ్లు ఇచ్చింది.

మర్నాడు చర్చిలో నేను మగవాళ్ల వైపు చివర జంపఖానా మీద కూర్చున్నాను. ఆ నెల పళ్లెం ఆడవాళ్ల వైపు నుంచి మొదలై, చివరికి నా దగ్గరికి వచ్చింది. ఖాళీగా వచ్చింది. పట్టుకొచ్చిన పెద్దాయన పళ్లెం వైపు, నా వైపు చూశాడు. అయ్యగారు మెల్లగా అన్నాడు, “సారమ్మా, ఒక ముక్క తక్కువైంది.”

“తక్కువ కాలే అయ్యగారు. లెక్క సరిగనే ఉన్నది.”

అందరూ ముందుకు చూస్తూనే నన్ను చూశారు. పోలీసు స్టేషన్ల ముందు, ధర్నాల్లో, నాయకుల ఇళ్ల దగ్గర ఎన్నో మాటలు పడ్డాను. అంత మంది ముందు అలా ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు ఏ పాట పాడారో, ఏ ప్రసంగం చేశారో ఒక్క ముక్క గుర్తు లేదు. ఇంటికొస్తూ దారిలో మా ఇంటావిడతో, “ఆమెకు దేవుడి ఉద్యోగం ఎవరిచ్చారు?” అన్నాను. “నువ్వు ఖాజా భాయ్ కాడికి పోయొస్తే అయిపోతది గద” అంది. ఆమె కూడా అటువైపే.

పౌరుషానికి మూడు వారాలు ఊరుకుని, అప్పుడు డెస్కుకు ఫోన్ చేశాను. ఇన్‌ఛార్జి నవ్వాడు. “పేరు రాయలేదు కదండీ. సవరణ ఎందుకు? సవరణ వేస్తే తప్పు చేశామని మనమే చెప్పినట్టు.” ఆయన చెప్పింది అక్షరాలా నేను చెప్పుకున్నదే. ఇంకొకరి నోట వింటే ఎంత అసహ్యంగా ఉందో అప్పుడు తెలిసింది. ఆ విషయం సారమ్మకు చెప్పాను, నా ప్రయత్నం నేను చేశానని. ఆమె, “పేపరోల్ల సంగతి నేనడగలే. ఆయన కాడికి పోయినవా?” అంది.

చివరికి పోయాను. మిట్టమధ్యాహ్నం. ఖాజా భాయ్ గిర్నీ గడపలో కూర్చుని మిషన్ బెల్టుకు అతుకు వేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

“రండి రిపోర్టర్ సాబ్. ఫోటో మంచిగొచ్చింది. బోర్డు మొత్తం కనవడ్డది. నా బిడ్డ పెండ్లికి గూడ గింత మంచి ఫోటో రాలే.”

“తప్పయింది భాయ్. కావాలని చెయ్యలే.”

“ఎరుకే. కావాలని చేసేటంత దుష్మనీ మన మధ్యల ఏడున్నది?” బెల్టు పక్కన పెట్టాడు. “నెల దాటింది. రోజు గీడికెంచే పోయేటోనివి, గా దినం సంది గీ దిక్కే రాకపోతివి. ఒక్కనాడు బండి ఆపి, ఖాజా, గిట్లయింది అనకపోతివి. గదే బేజార్ అనిపించింది.”

ఏం చేయమంటావని అడిగాను.

“నాకు చెప్పుతె ఏం ఫాయిదా సాబ్? ఊరికి చెప్పు.”

ఊరికి చెప్పాను. డెస్కు సవరణ వేయదు కాబట్టి, లోపలి పేజీలో మండల విశేషాలు వచ్చే చోట, విద్యుత్ కోతల సమాచారానికి కింద రెండు వాక్యాలు చేర్చి పంపాను: ఫలానా ఫోటోలో కనిపించిన గిర్నీకి కల్తీతో ఏ సంబంధమూ లేదు, అలా అచ్చయినందుకు విచారిస్తున్నాం. ఆ విశేషాలు డెస్కులో ఎవరూ చదవరని నాకు తెలుసు. అచ్చయ్యాక చదివారు. నెల తిరగకుండా నన్ను మోత్కూర్ నుంచి తీసి చౌటుప్పల్‌కు వేస్తామని చెప్పారు. శిక్షగానే వేశారు.

పేపరు తీసుకెళ్లి సారమ్మకు చదివి వినిపించాను. కనీసం ఒక మంచి మాట అంటుందనుకున్నాను. అంతా విని, “మంచిగ రాసినవ్. మిరపకాయలు ఏడ పట్టిస్తున్నవ్?” అంది. మేము ఆ ఏడు ఇంకా కారం పట్టించలేదు. సిగ్గుతో వేరే గిర్నీకి పంపుదామని సంచి కట్టి పెట్టుకున్నాం. ఆ సంచి సంగతి ఆమెకు అప్పటికే తెలుసు. అంగడి రోజు, పొద్దున పదింటికి, బజారు నిండా జనం ఉన్నప్పుడు, అయిదు కిలోల మిరపకాయల సంచి భుజాన వేసుకుని నేను ఖాజా భాయ్ గిర్నీకి నడిచాను. బండి మీద పోతే ఎవరూ చూడరని సారమ్మ నడిపించింది. పక్కన తను కూడా ఒక సంచితో వచ్చింది. దారిలో పలకరించిన వాళ్లందరికీ, “విలేకరి కారం పట్టిస్తుండు, ఖాజా కాడ” అని చెప్పింది. ఎవరూ అడగకుండానే చెప్పింది. మిషన్ తిరిగాక నేను తుమ్ముతూనే ఉన్నాను. ఖాజా భాయ్ నవ్వు ఆపుకోలేక, “సాబ్, గీ తుమ్ములు గూడ పేపర్ల వెయ్యి” అన్నాడు. ఆ నెలాఖరుకు గిర్నీ ముందు సంచులు మళ్లీ వరుస కట్టాయి. మొత్తం రాలేదు. సగం సీజన్ పోయింది, అది పోయినట్టే.

తర్వాతి బల్ల ఆదివారం నేను ముందు వరుసలో కూర్చున్నాను. పళ్లెం మగవాళ్ల వైపు మొదలైంది. నా ముక్క నాకు అందింది. ఉప్పు లేని, కాస్త మాడిన ఆ రొట్టె అంత రుచిగా ఎప్పుడూ లేదు. అయిపోయింది, ఇక ఈమెతో నాకు పని లేదు అనుకున్నాను. అంతలో ఆడవాళ్ల వైపు చివర నుంచి పళ్లెం పట్టుకున్న పెద్దాయన అన్నాడు, “అయ్యగారు, ఒక ముక్క తక్కువైంది.”

చివర కూర్చున్నది సారమ్మ. కళ్లు మూసుకుని ఉంది. “లెక్క సరిగనే ఉన్నది” అంది, కళ్లు తెరవకుండానే.

బయట చెప్పులేసుకుంటున్నప్పుడు పట్టుకుని అడిగాను, ఇదేం చోద్యమని.

“నిన్ను అందరిల నగుబాటు చేసిన గద కొడకా. నీతోని మాట్లాడకుంట ఎట్ల తింట?”

“మాట్లాడుతున్నావు కదా. నాకేం కోపం లేదు. అయిపోయింది.”

ఆమె నా మొహంలోకి చూసింది. దవాఖానలో జ్వరం తగ్గిందని చెప్పే రోగిని చూసినట్టు చూసింది. “కాలే. నీ మొకం గట్ల లేదు.”

నిజంగానే కాలేదు. ఆ ఖాళీ పళ్లెం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. కోపం లేదని మర్యాదకు చెప్పిన మాటను మర్యాదగా ఒప్పుకుంటే ఆమె సొమ్మేం పోయేది? ఈమెతో వేగడం నా వల్ల కాదనుకున్నాను. చౌటుప్పల్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని వెళ్లిపోయాను.

నాలుగు నెలల తర్వాత అయ్యగారు ఫోన్ చేశాడు. “నువ్వు జర వచ్చిపో. ఈమె ఇంకా బల్ల ముట్టలే. ప్రతి నెల తన ముక్కే తక్కువ కోసుకుంటుంది. నేను చెప్పి చెప్పి అలసిపోయిన.” బల్ల అంటే ఆమెకు ఏమిటో నాకు తెలుసు. నెలంతా ఆమె ఆ ఒక్క ఆదివారం కోసం బతికేది. మా అందరికీ వడ్డించి తను ఆకలితో కూర్చుంటోంది, నా మొహం బాగాలేదని. జాలి వేయాలి. నాకు మాత్రం ముందు విసుగే వచ్చింది. ఆ విసుగుతోనే శనివారం బస్సెక్కాను.

ఆమె వాకిట్లో కూర్చుని ద్రాక్షపండ్లు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి, పక్కన పీట జరిపింది.

“ఏమనాలె పెద్దమ్మా ఇప్పుడు?”

“కోపం లేదని అనకు. ఉన్నదని చెప్పు.”

చెప్పాను. అరగంట పైనే చెప్పాను. అంత మందిలో నన్ను దోషిలా కూర్చోబెట్టడానికి నువ్వెవరన్నాను. చాటుగా పిలిచి చెబితే నేను వెళ్లేవాణ్ని కాదా అన్నాను. వెళ్లేవాణ్ని కాదని ఇద్దరికీ తెలుసు, అయినా అన్నాను. నా పిల్లల ముందు నా తల కొట్టేసినట్టయింది అన్నాను. ఆమె పండ్లు ఒలుస్తూ, ఒక్కసారి కూడా అడ్డురాకుండా విన్నది. దవాఖానలో అన్నేళ్లూ రోగుల మూలుగులు ఇలాగే వినేదేమో. నా దగ్గర మాటలు అయిపోయాక చేతులు కొంగుకు తుడుచుకుంది.

“నాదే తప్పు. అందరిల చెయ్యొద్దుండె. నువ్వు ఖాజా కాడికి పోకపోతివని నాకు గుస్స. గా గుస్సతోని కోసిన ఆనాడు. రొట్టె గుస్సతోని కొయ్యొద్దు.” తీసిన తొడిమలన్నీ ఒక పక్కకు ఊడ్చింది. “ఇప్పుడెట్లున్నది?”

“జర తగ్గింది.”

“జర చాలు. ఒక ముక్కకు సరిపోతది.”

ఆ సాయంత్రం ఆమె రొట్టె కోస్తుంటే నేను పక్కనే ఉన్నాను. తనది కూడా కోసుకుంది. నేను చూస్తున్నానని తెలిసి, కొంచెం పెద్దదే కోసుకుంది.

ఆమె పోయాక మోత్కూర్‌లో రొట్టె బేకరీ నుంచి తెస్తున్నారట. లెక్క ఎవరూ పెట్టడం లేదు. ముక్కలు మిగులుతున్నాయని అయ్యగారు ఒకసారి ఫోనులో చెప్పాడు. ఆయన గొంతులో సంతోషం లేదు. ఆమె పద్ధతి తప్పని ఆయన ఇప్పటికీ అంటాడు, నేనూ ఒప్పుకుంటాను. ఆరాధన మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, వాటి మీద వార్తలు రాశాను. అందులో ఏదీ నన్ను బస్సెక్కించలేదు, మిరపకాయలు మోయించలేదు. ఆమె ఆరాధన ఆదివారం పదింటికి మొదలయ్యేది కాదు. శనివారం మధ్యాహ్నం ఎవరి గడపలోనో మొదలయ్యేది. ఇంత విసిగించే ఆరాధన నేను ఇంకెక్కడా చూడలేదు.

పోయిన నెల ఆ గిన్నెను అలాగే చొక్కా జేబులో వేసుకున్నాను. ముగింపు ప్రార్థన అయ్యాక జనం బిర్యానీ పొట్లాల వైపు వెళ్లారు. ప్రవీణ వేదిక మీద వంగి కేబుల్ వైర్లు చుడుతోంది. నేను మెట్లెక్కుతుంటే చూసి, మళ్లీ వైరు వైపు చూసింది.

“గ్రూపులో అట్ల రాయకుండా ఉండాల్సింది అమ్మా. తప్పు చేశాను.”

“పర్లేదు అంకుల్. నాకేం కోపం లేదు” అంది, వైరు చుడుతూనే.

నాకు నవ్వొచ్చింది. ఏళ్ల కిందట చెప్పులేసుకుంటూ నేనన్న మాట అది. “ఉన్నదని చెప్పు” అన్నాను.

ఆమె వైరు కింద పెట్టింది. చెప్పింది. రాత్రి షిఫ్టు చేసి, నిద్రపోకుండా, ప్రాక్టీసుకు వచ్చేదని చెప్పింది. ఆ నలభై నిమిషాల పాట వాళ్ల నాయిన దవాఖానలో ఉన్న వారంలోదని, మధ్యలో ఆపితే ఏడుస్తానేమోనని ఆపలేదని చెప్పింది. పన్నెండు నవ్వు మొహాలు ఎవరెవరివో పేర్లతో సహా చెప్పింది. నేను ఒలవడానికి ద్రాక్షపండ్లు లేవు కాబట్టి, ఆమె చుట్టిన వైరు పట్టుకుని నిలబడ్డాను.

“డ్రమ్ములు మీకు నచ్చవని నాకు తెలుసు అంకుల్” అంది చివరికి.

“ఇప్పటికీ నచ్చవు.”

“వచ్చే వారం ఉంటయ్ మరి.”

“ఉండనీ. ఇప్పుడెట్లున్నది?”

ఆమె ఆలోచించింది. “జర తగ్గింది” అంది.

జేబులోంచి గిన్నె తీసి పొర లాగాను. ఖాళీ హాల్లో ఆ ఒక్క చప్పుడు గట్టిగా వినబడింది.